చింతపండు మీది టైపు మిషను

నేను చెప్పే సంగతుల్లో సగం కొట్టేసి వినాలని మా ఆఫీసులో ఒక నియమం ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు గానీ, కొత్తగా చేరినవాళ్లకి సంతకం ఎక్కడ పెట్టాలో చూపించిన వెంటనే ఈ నియమం కూడా చెవిలో వేసేవారు. జుట్టు పూర్తిగా నెరవకముందే నా అంతట నేనే పదవీ విరమణ చేసి ఇంటికొచ్చేసినా నియమం మాత్రం విరమించలేదు. ఇప్పుడు మా ఆవిడ దాన్ని అమలు చేస్తోంది. అందుకని, ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలారా, మీకు ముందే మనవి చేస్తున్నాను. ఈ సంగతిలో పులులు లేవు, దెయ్యాలు లేవు. ఒక టైపు మిషను ఉంది. కొట్టేయాలనిపిస్తే నన్ను నేను పొగుడుకున్న చోట కొట్టేయండి. తక్కినదంతా జరిగిందే.

తొంభైల చివర్లో నేను హుకుంపేటలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుని. ఏ కార్యాలయమో చెప్పను. అందులో పనిచేసినవాళ్లు ఇంకా నాతో మాట్లాడుతున్నారు, అది అలాగే ఉండనివ్వండి. మాది విజయనగరం వైపు. ఏజెన్సీకి, అంటే ఆ కొండ ప్రాంతానికి, వేశారనగానే మైదానం వాళ్లం మొహం ఎలా పెడతామో నేనూ అలాగే పెట్టాను. మలేరియా మాత్రలు, ఒక రగ్గు, త్వరలోనే తిరిగొచ్చేస్తానని ఇంట్లో ఇచ్చిన మాట, ఈ మూడూ పట్టుకొని బస్సెక్కాను. మాత్రలు అయిపోయాయి. రగ్గు చిరిగిపోయింది. మాట సంగతి ఇంట్లోవాళ్లు అడగడం మానేశారు. ఏళ్లు గడిచాక ఎట్టకేలకు విజయనగరానికి బదిలీ చేస్తూ కాగితం వచ్చింది. కానీ నా కుర్చీలో కూర్చోడానికి ఇంకో మనిషి వస్తే గాని నన్ను వదలరు. ఆ వదలడాన్నే రిలీవ్ చెయ్యడమంటారు. మైదానం నుంచి కొండెక్కి వచ్చి నా కుర్చీలో కూర్చునే మహానుభావుడు ఎవడు?

ఒకరోజు మా ఆఫీసరు పిలిచారు. మంచి మనిషి, నిదానస్తుడు. కాఫీ చల్లారాక తాగే అలవాటు.

"ఇదుగోనండీ, టైపిస్టు పోస్టు ఈసారి స్థానికులకే ఇమ్మంటున్నారు. తెలుగు టైపు లోయర్ పాసై ఉండాలి. ఈ విడత పరీక్షకి మన దగ్గర ఎవరూ తేలకపోతే పోస్టు వెనక్కి పట్టుకుపోతారట. అప్పుడు మీరూ ఇక్కడే, నేనూ ఇక్కడే. ఎవరైనా ఉన్నారా?"

"ఉందండీ," అన్నాను, కిటికీలోంచి చూస్తూ.

వరండాలో బిందె దించుతోంది ఒక పిల్ల, మా వైపు మాటలో గుంట. ఆఫీసుకి నీళ్లు తెచ్చేది, ఫైళ్లు ఒక గదిలోంచి ఇంకో గదికి మోసేది. వాళ్ల నాన్న మా కాపలా మనిషిగా ఉంటూనే చనిపోయాడు. ఆ పిల్లని రోజు కూలీ కింద ఉంచేశారు. పైన కొండ మీద ఊరు వాళ్లది. ఇంట్లో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు. ఇంటర్ పాసైంది, ఆ సర్టిఫికెట్టు వల్ల బిందె బరువేమీ తగ్గలేదు. నేను ఆ పిల్ల పేరెత్తింది జాలితో కాదు. పని లేనప్పుడు వరండాలో కూర్చొని అడ్డాకులు ఒళ్లో వేసుకొని, వెదురు పుల్లలతో విస్తళ్లు కుడుతూ ఉండేది. కబుర్లాడుతూ, రోడ్డు మీద పోయే జీపుల్ని చూస్తూ కుట్టేది. వేళ్లు ఏం చేస్తున్నాయో ఒక్కసారి కూడా చూసుకునేది కాదు. టైపు నేర్పే ఏ మాస్టారైనా నెలల తరబడి నెత్తీనోరూ బాదుకునేది ఆ ఒక్క విద్య కోసమే కదా!

"నానా సారూ? టైపా?" అంది, చెప్పగానే. "ఆ మిషన్ని తుడవడానికే నాకు బయ్యం. ముట్టుకుంటే అరుత్తాది."

"అరవడమే దాని పని. నువ్వు అరిపించాలి. నేర్చుకుంటే ఈ కుర్చీ నీది."

"మరి మీరెక్కడ కూకుంటారు?"

"విజయనగరంలో."

"ఓహో, అదా సంగతి!" అని నవ్వింది. నా పుణ్యకార్యంలో నా వాటా ఎంతో అప్పుడే పట్టేసింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, టైపు పరీక్షకి మిషను ఎవరిది వాళ్లు పట్టుకెళ్లాలి. పట్నంలో పిల్లలకి ఇన్‌స్టిట్యూట్లు ఉంటాయి, వాళ్ల మిషన్లు వాళ్లే బళ్ల మీద పంపిస్తారు. మా కొండ మీద ఇన్‌స్టిట్యూటూ లేదు, మిషనూ లేదు. ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క తెలుగు మిషను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా కింద నలుగుతూ ఉండేది. పైగా అది గడప దాటకూడదు. ఆఫీసరు గారిని అడిగితే కాఫీ వైపు చూస్తూ, "అది ప్రభుత్వ ఆస్తి కదండీ," అన్నారు. అంటే, మిషను దొరికితే ఆ పిల్లకి ఉద్యోగం, నాకు విజయనగరం. దొరక్కపోతే తనకి బిందె, నాకు చిరిగిన రగ్గు.

ఆ వారం సంతలో చింతపండు కోసం వెళ్లాను. మైదానం నుంచి వచ్చి స్థిరపడ్డ సావుకారు ఒకాయన కొండ సరుకంతా కొనేవాడు. చింతపండు, పిప్పళ్లు, పసుపు. ఆయన పాకలో చింతపండుని తట్టల్లో కుక్కి, పైన చెక్క పలకలేసి, పలకల మీద బండరాళ్లు పెట్టి అదిమేవారు. బేరమాడుతూ ఆ రాళ్ల వైపు చూశాను. అందులో ఒక రాయికి పళ్లున్నాయి.

"సావుకారు గారూ, ఆ పైనున్నదేంటండీ?"

"బరువు."

"ఏం బరువు?"

"ఇనప బరువు. తతిమ్మావి రాతి బరువులు," అన్నాడు, ఇంత చిన్న సంగతి తెలీదా అన్నట్టు.

దగ్గరికెళ్లి చూశాను. నల్లటి ఒళ్లు, పైన బొగ్గుమసి, కింద చింతపండు గుజ్జు. కీల మధ్యలో చింతగింజ ఒకటి ఇరుక్కొని ఉంది. దాని పక్కన మసకగా 'క'. తెలుగు మిషను! నా చేతిలో సంచీ జారిపోయింది. ఇక్కడ కొంచెం కొట్టేయండి. సంచీ జారలేదు, నేనే పెట్టేశాను.

"ఎక్కడిదండీ ఇది?"

"చర్చోళ్ల మిషన్ బంగళాలో పాత సామాను తీసేత్తంటే బెంచీలతోపాటు నాకంటగట్టినారు బాబూ. ఎనకటి పాదిరిగారొకరు సంఘంలో పాటలు దీని మీద కొట్టీవోరంట. బెంచీలు ఇరిగిపోనాయి. ఇది ఇరగలేదు సూడండి, ఎంత గట్టిదో!"

"నాకిచ్చేస్తారా?"

"ఇచ్చెత్తే నా సింతపండునెవుడు అదుముతాడు? మీరొచ్చి కూకుంటారా దాని మీద?"

ఇనుము ధర ఇస్తానన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఇంకొంచెం ఇస్తానన్నాను. ఆయన బాధ డబ్బు కాదు. ఏ బరువు తీసేస్తే ఆ బరువు తిరిగి పెట్టాలి, అదీ ఆయన లెక్క. "దీని సరితూకం రాయొకటి తెచ్చీండి. బరువుకి బరువు. పైన ఇనుం ధరిచ్చి పట్టుకుపోండి."

మా ఆఫీసు పెరట్లో రోడ్డు పనివాళ్లు పారేసిన పాత మైలురాయి ముక్కొకటి పడి ఉండేది. మీద 'విశాఖపట్నం' అన్న అక్షరాలు సగం చెరిగిపోయి కనిపించేవి. దాన్ని గోనెలో వేసుకొని నేనూ ఆ పిల్లా చెరో వైపు పట్టుకొని సంతలోకి తెస్తుంటే జనం దారిచ్చారు, ఏదో దేవుణ్ణి తెస్తున్నామనుకున్నారో ఏమో. సావుకారు పెద్ద కాటాకి ఒక వైపు మిషను కట్టాడు, ఇంకో వైపు మైలురాయి కట్టాడు. రాయి వైపు మొగ్గింది. ఆయన మొహం విచ్చుకుంది.

"పట్టుకెల్లండి బాబూ. మాట తప్పీవోణ్ణి కాను," అన్నాడు, ఏదో నాకే మేలు జరిగినట్టు.

అప్పటిదాకా నేను కొట్టినవన్నీ పరాయి మిషన్లే. నేర్చుకున్నది ఇన్‌స్టిట్యూటు వారిది, బతికింది ప్రభుత్వం వారిది. నాదనేది ఇదే మొదటిది. ఇంటికి తెచ్చి అరుగు మీద పెట్టి, చాలాసేపు దాని ముందు ఊరికే కూర్చున్నాను. పెళ్లిచూపుల్లో కూడా నేనంత సేపు చూడలేదని మా ఆవిడ అంటుంది. నిజమే, అక్కడ చూడనివ్వలేదు.

బాగుచెయ్యడం మొదలుపెట్టాక తెలిసింది, అందులో నా కంటే ముందే కాపురం పెట్టినవాళ్లున్నారని. ఎర్రచీమలు. ఒక్కొక్క అక్షరం కమ్మీ వెనక ఒక్కొక్క కుటుంబం. వాటిని సాగనంపడానికి మిషన్ని కిరసనాయిలు పోసిన బేసిన్లో కూర్చోబెట్టాం. అరిగిపోయిన పళ్ల బ్రష్షుతో ఆ పిల్ల రుద్దేది. సూదితో నేను అక్షరాల కడుపుల్లోంచి గుజ్జు తీసేవాణ్ణి. 'ఠ'లో చుక్క కనిపించడానికి ఒక సాయంత్రం పట్టింది. చింతపండు పులుపుకి ఇత్తడి ముక్కలు మాత్రం కొత్త గాజుల్లా మెరుస్తున్నాయి. అది చూసి, ఇదంతా నేను ముందే ఆలోచించి చేసినట్టు మాట్లాడాను.

క్యారేజీని పక్కకి లాగే తాడు చీకిపోయింది. దానికి పట్నంలో పట్టీ దొరుకుతుంది, కొండ మీద దొరకదు. ఆ పిల్ల ఇంటి నుంచి అడ్డ తీగ నార తెచ్చి సన్నగా పేని ఇచ్చింది.

"ఇది తెగదు సారూ. దీంతో గేదెని కడతాం మా ఊళ్లో."

"ఇది గేదె కాదే, టైపు మిషను."

"గేదె కన్నా గట్టిగా లాగుతాదేటి?"

లాగలేదు. తెగనూ లేదు. ఇక నూనె. కుట్టు మిషను నూనె అయిపోతే కొండ మీద వంటకి వాడే వలిసె నూనె వేశాను. మర్నాటికి చీమలు బంధువులతో సహా తిరిగొచ్చాయి. మళ్లీ బేసిను, మళ్లీ కిరసనాయిలు. రిబ్బనుకి స్టాంపు ప్యాడు సిరా పట్టించాం. ఇంత చేసినా పులుపు వాసన మాత్రం పోలేదు. దాని మీద కొట్టిన కాగితం చదివినవాళ్లకి నోట్లో నీళ్లూరేవి. ఆఫీసరు గారైతే ఒక దరఖాస్తు చదువుతూ మధ్యలో లేచి భోజనానికి వెళ్లిపోయారు. ఇక్కడ కొట్టేయకండి.

మిషను పేరు ఊళ్లో పాకింది. పాదిరిగారు పాటలు కొట్టుకున్న మిషనంటే ఎవరికీ కిక్కుండదు కదా. అందుకని అరకు లోయలో కాఫీ తోట వేసిన ఒక దొర దీని మీద భార్యకి రోజూ ప్రేమలేఖలు కొట్టేవాడని చెప్పాను. ఆఫీసరు గారు విని, నిదానంగా, "తెలుగులోనాండీ?" అన్నారు.

"ఆవిడ తెనాలి ఆవిడండీ," అన్నాను.

ఆయన నమ్మారో లేదో తెలియదు. మర్నాటి నుంచి ఆ పిల్లని సాయంత్రాలు గంట ముందే వదిలేయడం మొదలుపెట్టారు.

అసలు లోపం అక్షరాలు కొట్టడం మొదలుపెట్టాక బయటపడింది. ఇక్కడ మీకు కాస్త పని సంగతి చెప్పాలి. తెలుగు మిషను మీద 'క' అని ఒక్క దెబ్బకి రాదు. తలకట్టు వేరు, అక్షరం వేరు. ముందు తలకట్టు కీ కొట్టాలి. అది కొట్టినప్పుడు క్యారేజీ కదలకూడదు. తర్వాత అదే చోట అక్షరం కొడితే తలకట్టు కింద అది కూర్చుంటుంది. అప్పుడు క్యారేజీ ఒక అడుగు ముందుకేస్తుంది. మా మాస్టారు దీన్ని 'ముందు టోపీ, తర్వాత తల' అని నేర్పించారు. నా చింతపండు మిషన్లో తలకట్టు కొట్టినా క్యారేజీ కదిలిపోయేది. టోపీ ఒకచోట, తల ఇంకోచోట. కాగితం మీద గాలిలో టోపీలు, పక్కన బోడి తలలు.

విశాఖపట్నం నుంచి ఏజెన్సీ ఆఫీసుల మిషన్లు చూడడానికి అప్పుడప్పుడు మెకానిక్ ఒకాయన వచ్చేవాడు. భుజాన తోలు సంచీ, నోట్లో ఎప్పుడూ కిళ్లీ. మా మిషన్ని తిరగేసి చూసి, "ఇక్కడ చిన్న స్ప్రింగొకటుండాలి గురువా. పోయింది. ఈ రకం మిషన్లు నేను పనిలో చేరేసరికే పోనాయి. స్ప్రింగెక్కడ దొరుకుతాది? గాజు పెట్టెలో పెట్టి దణ్ణం ఎట్టుకో," అని లేచాడు. ఆ పిల్ల మొహం చూసి మళ్లీ కూర్చుని, దుమ్ము దులిపి, చెయ్యగలిగిన బిగింపులు చేసి వెళ్లాడు.

చేసేదేముంది? వెనకడుగు నేర్పించాను. మీ కంప్యూటర్లో బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరాన్ని తినేస్తుంది. మా మిషన్లో ఏమీ తినదు, క్యారేజీని ఒక అడుగు వెనక్కి నెడుతుంది, అంతే. అందుకని టోపీ కొట్టు, వెనకడుగు వెయ్యి, తల కొట్టు. రెండు దెబ్బల పనికి మూడు దెబ్బలు. ఇలా కొడుతూ గడియారాన్ని గెలవాలంటే మామూలు వేళ్లు చాలవు.

మొదట్లో ఆ పిల్ల తడబడింది. ఒక ఆదివారం ప్రార్థనకి వెళ్లొచ్చాక, చేతులు కీల మీద పెట్టి, కాలితో నేల మీద తాళం వేసింది. తర్వాత తనలో తనే నవ్వుకుంది.

"ఏటే, నవ్వుతున్నావు?"

"ఇది సేతులట్టుకొని వరసలో మేమాడే థింసా ఆటలాగుంది సారూ. ముందుకి, ఒకడుగెనక్కి, మళ్ల ముందుకి. అలగనుకుంటే ఒచ్చెత్తంది."

అంతే, ఆ రోజు నుంచి ఆ మిషను ఆడడం మొదలెట్టింది. టక్, టిక్, టక్. టక్, టిక్, టక్. మా వీధిలో పిల్లలు ఆ చప్పుడికి కాళ్లు కదిపేవారు. ఆ చలికాలమంతా నా అరుగు మీద అదే సంగీతం. విస్తళ్లు కుట్టినట్టే, రోడ్డు మీద జీపుల్ని చూస్తూ కొట్టేది. నేను పక్కన కూర్చొని చలిమంట కాగుతూ, నా అంత గురువు లేడని అనుకునేవాణ్ణి.

పరీక్ష విశాఖపట్నంలో. ముందురోజు అరకులో రైలెక్కాం. మిషన్ని గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. ఎదురు సీట్లో పనసకాయలతో కూర్చున్న ముసలమ్మ చాలాసేపు చూసి చూసి అడిగింది. "ఏటే గుంటా, ఆర్మనీ పెట్టా? ఒక పాట ఏసీ, ఇందాం."

గుడ్డ విప్పి చూపించింది. ముసలమ్మ కీలు చూసి, "ఓలమ్మో, దీనికెన్ని పళ్లో!" అంది. ఆ లైన్లో సొరంగాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి. బోగీలో చీకటి పడగానే టక్, టిక్, టక్. వెలుగు రాగానే కాగితం చూసుకునేది. చీకట్లో కొట్టిన వరసలో ప్రతి టోపీ తన తల మీదే ఉంది. పెట్టెలో ఉన్నవాళ్లంతా తరవాతి సొరంగం కోసం ఎదురుచూడడం మొదలుపెట్టారు. చివరి సొరంగం దాటేసరికి ముసలమ్మ ఒక పనస తొన మా ఇద్దరికీ పంచి, "నీకు బేగి ఉజ్జోగం ఒచ్చెత్తాదే," అని దీవించింది.

పరీక్ష కేంద్రం ఒక పెద్ద బడి. లారీల్లోంచి, రిక్షాల్లోంచి మిషన్లు దిగుతున్నాయి. అన్నీ నున్నగా, బూడిదరంగులో, ఒకేలాంటి ఇన్‌స్టిట్యూటు పిల్లలు. వాటి మధ్యలో మాది అడ్డ నార కట్టుకొని, పులుపు వాసన వేస్తూ. హాల్లో వరసలో పెట్టించి, నంబరు చీటీ అతికించుకొని, గంట కొట్టేదాకా టీ తాగుదామని బయటికొచ్చాం. ఆ పిల్ల టీ తాగలేదు. గ్లాసు పట్టుకొని వేళ్లు వెచ్చబెట్టుకుంది.

గంట కొట్టారు. పిల్లలందరూ లోపలికెళ్లారు. వెంట వచ్చినవాళ్లం వరండాలో కిటికీల దగ్గర నిలబడ్డాం. అప్పుడు నా భుజం మీద చెయ్యి పడింది. తిరిగి చూస్తే కిళ్లీ నోరు, తోలు సంచీ. మా మెకానిక్కే. పరీక్షల రోజుల్లో మిషన్లు మొరాయిస్తే చూడడానికి ఆయన్ని అక్కడ పెట్టుకుంటారట.

"గురువా, మీ గుంటకో బహుమానమిచ్చాను!" అన్నాడు, మొహం వెలిగిపోతూ. "ఆ స్ప్రింగ్ కోసం పూర్ణామార్కెట్లో పాత ఇనుం కొట్లన్నీ తిరిగాను. మొన్న దొరికింది. ఇందాక హాల్లో మిషను కనబడగానే గుర్తుపట్టి, మీరు టీకెళ్లిన టైములో బిగించేశాను. ఇప్పుడు తలకట్టు కొడితే క్యారేజీ కొండలా నిలబడతాది. పరీక్ష పాడు మిషను మీద రాయిత్తామేటి?"

ఆ మనిషి ఎంతో ప్రేమతో చేసిన పని అది. కానీ వెనకడుగు వెయ్యకుండా ఆ పిల్ల వేళ్లు ఆగవు. ఇప్పుడు వేస్తే, టోపీ కొత్త చోట, తల పాత అక్షరం మీద. ఒకదాని మీద ఒకటెక్కి కాగితమంతా తొక్కిసలాట. తలుపు దగ్గరికి పరుగెత్తాను. "మా మిషను..." అన్నాను. "మీరు లోపలికి రాకూడదు," అన్నారు, తలుపు వేస్తూ.

కిటికీ ఊచలు పట్టుకొని చూశాను. పరీక్షకి ముందు కాగితం సరిచూసుకోడానికి కాసేపు ఇస్తారు. ఆ పిల్ల ఒక వరస కొట్టింది. చూసింది. మళ్లీ కొట్టింది. కాగితం పైకి లాగి దగ్గరగా పెట్టుకొని చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా వైపు చూస్తుందేమోనని చెయ్యెత్తాను. చూడలేదు. వెనకడుగు వద్దనుకొని మెల్లగా రెండు దెబ్బలతో కొట్టి చూసింది. నెలల తరబడి వేళ్లకి నేర్పింది క్షణంలో మరిపించడం ఎవరి తరం? మూడో అక్షరానికే వేలు దానంతటది వెనక్కెళ్లిపోయింది.

అప్పుడు చెయ్యి తల మీదికి పోయింది. జడలోంచి హెయిర్‌పిన్ను తీసింది. మిషను మీదికి వంగింది.

"ఏం చేస్తున్నావమ్మా?" అని హాల్లో తిరుగుతున్న మాస్టారు వచ్చారు.

"మిషను బాగుసేత్తన్నాను సారూ," అంది, తలెత్తకుండా.

మొదలుపెట్టమని గంట కొట్టారు. హాలంతా ఒక్కసారి రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు చప్పుడు. ఆ పిల్ల ఇంకా వంగే ఉంది. నా పక్కన మెకానిక్ కిళ్లీ నమలడం ఆపేశాడు. తర్వాత ఆ వడగళ్ల మధ్యలోంచి నాకు వినిపించింది. టక్, టిక్, టక్. టక్, టిక్, టక్. అన్ని మిషన్లలో నీ మిషను చప్పుడు విడిగా ఎలా వినిపించిందని మా ఆవిడ అడుగుతుంది. మీ పిల్ల ఏడుపు అంగన్‌వాడీలో మీకు విడిగా వినబడదూ?

బయటికొచ్చేసరికి ఆ పిల్ల మొహాన చెమట, ఒక వైపు జడ ఊడిపోయి ఉంది. సరాసరి మెకానిక్ దగ్గరికొచ్చి అరచెయ్యి చాపింది. అందులో స్ప్రింగు.

"ఇదుగో బాబూ, మీది. శానా మంచోరు మీరు. ఇంకోపాలి మాత్రం నన్నడక్కండా మా మిషను ముట్టుకోకండి."

"అదేటమ్మా! పాడైపోయిన మిషన్ని బాగుసేసి పెట్టాను కదా!"

"బాగున్నదాన్ని పాడుసేసినారు. నాను మళ్ల బాగుసేసుకున్నాను," అంది. ఆయన మొహం చూసి జాలేసిందో ఏమో, మెత్తగా, "థింసాలో ఎనకడుగు తీసేత్తే పక్కోల్ల కాళ్లు తొక్కేత్తాం బాబూ," అంది.

మెకానిక్కి థింసా తెలియదు. అయినా స్ప్రింగు జేబులో వేసుకొని, "ఇన్నేళ్ల సర్వీసులో నా చేతిపని ఊడదీసేసి పరీక్ష రాసినోళ్లని సూల్లేదు గురువా," అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం భోజనం ఆయనే పెట్టించాడు. మాటల్లో, తన మొదటి మిషను సంగతి చెప్పాడు. అది నా కథల కన్నా బాగుంది కాబట్టి ఇక్కడ రాయను.

ఫలితాలొచ్చాయి. పాసు. ఫస్టు క్లాసు కాదు. మొదట్లో స్ప్రింగు తియ్యడానికి పోయిన సమయం కాగితం చివర్లో కనబడి ఉంటుంది. పాసు చాలు. కుర్చీ ఆ పిల్లదైంది.

తర్వాత సంగతి ముందే చెప్పేస్తాను, మళ్లీ మరిచిపోతాను. కొన్నేళ్లకి ఆఫీసులకి కంప్యూటర్లొచ్చాయి. ఒకరోజు నాకు ఫోను. "సారూ, పొద్దున్నించి పేజీ కొడతన్నాను, తెల్లగానే ఉంది!" కంప్యూటరు వెనకడుగుకి అక్షరాల్ని మింగేస్తోంది మరి. కొత్త యంత్రంతో ఆవిడకి సయోధ్య కుదరడానికి కొంత కాలం పట్టింది. ఇప్పుడు అదే ఆఫీసులో పిల్లలకి ఆవిడే నేర్పుతోంది. చాలా కోపిష్ఠి టీచరట.

సరే, మళ్లీ ఆ రోజుకి. ఉద్యోగంలో చేరిన పూట ఆఫీసరు గారు ఆ పిల్లకిచ్చిన మొదటి పని నన్ను రిలీవ్ చేసే ఆర్డరు కొట్టడం. ఆఫీసు మిషను వద్దంది. మా ఇంటి నుంచి చింతపండు మిషన్ని తెచ్చుకొని, నా టేబుల్ మీద, ఇక నాది కాని టేబుల్ మీద, పెట్టుకుంది. మిషన్ని ఆ పిల్లకే ఇచ్చేశానని అప్పటికింకా చెప్పలేదు. అడిగే అవసరం కూడా తనకి కనబడలేదు. నేను ఎదురుగా దరఖాస్తుదార్లు కూర్చునే బల్ల మీద కూర్చున్నాను. అక్కడి నుంచి ఆ గది ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూసి ఉండలేదు. టక్, టిక్, టక్.

కాగితం తీసి నాకందించింది. "సూడండి సారూ, తప్పులేటైనా ఉన్నాయేమో."

చదివాను. ఇంకోసారి చదివాను. ఒక్క తప్పు దొరికితే బాగుండనిపించింది. దొరికితే మళ్లీ కొట్టాలి, ఆఫీసరు గారు మళ్లీ చదవాలి, ఆయన కాఫీ చల్లారాలి, ఈలోగా బస్సు వెళ్లిపోతుంది. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి వెతికాను. ఏ టోపీ తన తలని వదలలేదు.

"ఉందా?"

"ఉంది," అన్నాను.

కంగారుగా వంగింది. "ఎక్కడ సారూ?"

నా పేరు మీద వేలు పెట్టాను. "ఇదుగో, ఈ పేరుగల మనిషి వెళ్లిపోవాలని రాసి ఉంది."

ఆ పిల్ల పేరు వంక చూసింది, నా వంక చూసింది. "అది నా టైపులో తప్పు కాదు సారూ," అంది. "మీరు నేర్పడంలో ఒచ్చిన తప్పు."

ఆఫీసరు గారు సంతకం పెట్టారు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని రోడ్డు మీదికొచ్చాను. నేనున్నన్నాళ్లూ ఒక్కనాడూ వేళకి రాని బస్సు ఆ పూట నా కంటే ముందే వచ్చి నిలబడి ఉంది.